రెండు వేళ్ళ వంకర

ఉన్నది ఒక్కటే నట్టు. నలభై ఉంటే ఏ ఒకటో రెండో మొండికేశాయిలే అని సరిపెట్టుకోవచ్చు, ఒక్కటే ఉండి అదీ కదలనంటే మనిషన్నవాడికి ఒళ్ళు మండదా అని వడ్రంగి ఆ నట్టునే అడిగాడు, మనసులో కాదు, పైకే అడిగాడు, పాత పికప్పు బండి ముందు సీట్లో సగం కూర్చుని సగం వేలాడుతూ, మోకాళ్ళు రెండూ డాష్‌బోర్డుకి గుద్దుకుంటూ, చేతిలో ఇరవై రెండో నంబరు పానా పట్టుకుని. షెడ్డు గోడ మీద గడియారం నాలుగూ అయిదు చూపిస్తోంది. వెనక తాళ్ళతో కట్టి ఉన్న చెక్క బీరువా అయిదింటికల్లా పంతులమ్మగారి కొత్తింటికి బయలుదేరాలి. ఉత్తినే బయలుదేరడం కాదు, తను నడుపుతూ బయలుదేరాలి, ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి తన బండిని తను నడుపుకుంటూ. పొద్దున తింటూ తింటూ గొప్పగా అనేశాడు కూడా, ఇవాళ్టినుంచి నేనే నడుపుతా, నువ్వు హాయిగా ఇంట్లో కూర్చో అని. భార్య సరే అంది. అంతే, సరే అని కంచం తీసింది. సంతోషపడొచ్చు కదా, పోనీ జాగ్రత్త అనొచ్చు కదా, వద్దు అని పోట్లాడినా బాగుండేది. ఆ సరే పొద్దుటినుంచీ పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

అయిదు నిమిషాల పని అన్నాడు కొత్త స్టీరింగు అమ్మినవాడు. అయిదే నిమిషాలు మేస్త్రీ, పాతది పీకు, కొత్తది పెట్టు, బిగించు, పో. పెట్టెలో ఒక కాగితం కూడా ఉంది, బొమ్మల కాగితం, అందులో చేతితొడుగులు వేసుకున్న ఒక మనిషి మూడే మూడు బొమ్మల్లో పని ముగించి నాలుగో బొమ్మలో పళ్ళికిలించి నవ్వుతున్నాడు. వాడికి పది వేళ్ళున్నాయి, నవ్వడా మరి. తనకి కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు లేవు, చిత్రిక మిషను తినేసింది. పోయినవి చిన్నవే కదా అన్నారు చూడొచ్చినవాళ్ళు, బొటనవేలు మిగిలింది అదే పదివేలు అన్నారు. పట్టు ఉండేది ఆ చిన్న వేళ్ళలోనే అని పోయాక గానీ తెలియలేదు. ఉలి పట్టుకోవడం నేర్చుకున్నాడు, పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకున్నాడు. రంపం నేర్చుకున్నాడు. ఈ పాత స్టీరింగు మాత్రం కొరకరాని కొయ్య అయింది, సన్నగా, గట్టిగా, ఇన్నేళ్ళ అరచేతులకి అరిగి నున్నగా, పట్టుకుంటే పాములా జారేది. అందుకే ఈ కొత్తది, లావుపాటి మెత్తటి చుట్టుతో, కొట్లో పట్టుకోగానే మిగిలిన మూడు వేళ్ళూ దాన్ని ఇక వదలం అన్నాయి. చాలా రోజుల తర్వాత ఆ చెయ్యి తనదే అనిపించింది. ఆ పూట కొట్టువాడు ఏం చెప్పినా నమ్మేవాడే, అయిదు నిమిషాలన్నాడు, నమ్మాడు.

పానా మీద ఇనుప గొట్టం తొడిగి, ఎడమచేత్తో గొట్టం పట్టి, స్టీరింగు కదలకుండా మోకాలు అడ్డం పెట్టి, బలంగా గుంజాడు. మోకాలు కలుక్కుమంది. నట్టు నవ్వుకుంది. అసలీ మోకాళ్ళ గొడవ దేనివల్ల, సీటు ముందుకి జరిగి ఉండటంవల్ల. సీటు జరిపే మీట ఎప్పుడో విరిగింది, అప్పుడు తనే సీటు కింది రెండు ఇనుప పట్టాలకీ మూడేసి చిల్లులు వేశాడు, ముందొకటి, మధ్యలో ఒకటి, వెనకొకటి, ఏ చిల్లులో బోల్టు వేస్తే సీటు అక్కడ. మూడెందుకు వేశావయ్యా, నువ్వొక్కడివేగా నడిపేది అని అడిగినవాడు లేడు, అడిగితే జవాబూ లేదు, చేతిలో డ్రిల్లు ఉంది, వేశాడు. ఏళ్ళ తరబడి సీటు వెనక చిల్లులోనే ఉంది. ఎనిమిది నెలల కింద ముందు చిల్లులోకి వచ్చింది. వచ్చిందేమిటి, ఆమె పదమూడో నంబరు పానా తీసుకుని, సీటు కింద బోర్లా పడుకుని, ఎవర్నీ అడక్కుండా జరుపుకుంది. ఈ కొత్త స్టీరింగు బిగించడం అయిపోతే ముందుగా చేసే పని సీటు వెనక్కి నెట్టడం. అద్దం కూడా ఆమె ఎత్తుకే ఉంది, అందులో చూస్తే తనకి తన గడ్డం కనపడుతుంది. ఇక పాత స్టీరింగు నిండా ఏవేవో, ఎడమవైపు నూలు పట్టీ చుట్టింది, చెమటకి జారకుండా కాబోలు, పైన ఒకచోట గోళ్ళరంగు, ఎర్రగా ఒక చుక్క. గోళ్ళకి రంగు ఆరకముందే బండెక్కితే అంటుకోదూ, వస్తువంటే లెక్కుండాలి.

మెకానిక్కు దగ్గర పుల్లర్ ఉంటుంది. రెండు కొక్కేలు, మధ్యలో మర, తగిలించి తిప్పితే ఎంత బిగిసిపోయిన చక్రమైనా మాట వింటుంది. సందు చివరే అతని షెడ్డు, వెళ్ళి అడిగితే ఇస్తాడు, అడగడు, ఛస్తే అడగడు. బ్రేకులు చూడమని తీసుకెళితే ఒక చుట్టు తిరిగొచ్చి, పదిమందీ నిలబడి ఉన్నచోట, మేస్త్రీ, నీ స్టీరింగు ఒక పన్ను పక్కకుంది, విప్పి తిన్నగా వేసివ్వనా అన్నాడు. స్టీరింగు మధ్య గొట్టానికీ, అది ఎక్కి కూర్చునే ఈ ఇనుప కడ్డీకీ చుట్టూ సన్నటి పళ్ళుంటాయి, పన్నులో పన్ను కూర్చోవాలి. కూర్చోబెట్టింది ఎవరు? తనే. హారన్ తీగ తెగిందని పద్నాలుగేళ్ళ కింద తనే విప్పాడు, తనే వేశాడు. నట్టు పూర్తిగా తీసేసి లాగితే స్టీరింగు ఊడొచ్చి పెదవి చీల్చింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, అయినా రక్తం తుడుచుకుంటూ అచ్చు గుద్దినట్టు తిన్నగా వేశాడు. ఇరవై ఆరేళ్ళుగా తలుపులు బిగిస్తున్నవాడు, రసమట్టం పెట్టకుండానే చూపుతో ఎత్తుపల్లాలు చెప్పేవాడు, తనకా వంకర సంగతి చెప్పేది? నేను బిగించిన తలుపు దగ్గరికి నీ రసమట్టమే వచ్చి పాఠం నేర్చుకుంటుంది అన్నాడు ఆ రోజు. మెకానిక్కు నవ్వాడు. ఆ నవ్వుతో తొమ్మిదేళ్ళ రాకపోకలు తెగిపోయాయి. మరి బండి ఎడమకి లాగుతుందంటే లాగుతుంది, ప్రతి బండికీ ఒక గుణం ఉంటుంది, మనుషులకి ఉండదూ.

లాగాడు, మళ్ళీ లాగాడు, నాన్నా బాబూ అన్నాడు, తర్వాత ఆ మాటలు కాకుండా వేరే మాటలన్నాడు, పానాకి తొడిగిన గొట్టం చివర కొయ్యసుత్తితో ఒక్కటిచ్చాడు, టప్పున కదిలింది. కదిలిందన్న సంతోషం కన్నా ఇంతసేపూ కదలనందుకు కోపమే ఎక్కువొచ్చింది. ఈసారి బుద్ధి తెచ్చుకుని నట్టుని నాలుగు మరల మీదే ఉంచాడు, పెదవికి ఇంకో మచ్చ అక్కర్లేదు. లాగేముందు చెవి మీది పెన్సిలు తీశాడు, వడ్రంగి పెన్సిలు, బల్లపరుపుది, ఏది విప్పినా ముందు గుర్తు పెట్టడం అతని అలవాటు, తలుపు రెక్క విప్పినా అంతే, సొరుగు విప్పినా అంతే. కడ్డీ కొసమీంచి స్టీరింగు గొట్టం మీదికి దాటేలా ఒకే గీత గీశాడు, స్టీరింగు నడిమి కమ్మీ, ఆకు అంటారే అది, సరిగ్గా పైకి వచ్చే చోట. మళ్ళీ వేసేటప్పుడు గీతకి గీత కలిపితే చాలు, బండి తిన్నగా పోతుంది. ఆ ఒక్క క్షణం తన మీద తనకి ముచ్చటేసింది. తర్వాత స్టీరింగు పట్టుకుని అటూ ఇటూ ఊపాడు, తోశాడు, పీకాడు, ముందు టైర్లు నేలమీద కిర్రుకిర్రుమంటూ అటో ఇటో తిరిగాయి.

ఈ కిర్రు విన్నప్పుడల్లా ఆ రోజే గుర్తొస్తుంది. మిషను ఆగిపోయాక వచ్చిన నిశ్శబ్దం, నేలమీద పొట్టు ఎర్రబడటం, నొప్పి ఇంకా రాకపోవడం. ఆమె తువ్వాలు చుట్టింది, ఎవరినీ పిలవలేదు, తాళం తీసుకుంది. అంతకు పన్నెండేళ్ళ ముందు ఖాళీ స్థలంలో తనే ఆమెకి నాలుగు రోజులు నేర్పాడు. నేర్పాడంటే అరిచాడు. అయిదో రోజున నీకు రాదులే, దిగు అన్నాడు. ఆమె దిగింది. లైసెన్సు మాత్రం ఎప్పుడు తెచ్చుకుందో ఎలా తెచ్చుకుందో, గడువు తీరనివ్వకుండా మార్పించుకుని పర్సులో పెట్టుకుంది, పన్నెండేళ్ళూ. ఆ రోజు ఆస్పత్రి దాకా మొదటి గేరు, రెండో గేరు, అంతే, ఇంజను గొంతు చించుకుంది, మూలమలుపు దగ్గర టైర్లు ఇలాగే కిర్రుమన్నాయి. తువ్వాలు తడిసి కారుతూంటే పక్కసీట్లోంచి తను ఏమన్నాడు? క్లచ్చు, క్లచ్చు, గేరు మార్చు, బండి చచ్చిపోతుంది అన్నాడు. బండి చావదు, మీరు నోరు మూసుకోండి అంది ఆమె. పెళ్ళయ్యాక ఆమె ఆ మాట అనడం అదే మొదలు. మూసుకున్నాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు పక్కసీటు. అది సీటు కాదు, శిక్ష. ఆమె అర కిలోమీటరు ముందే ఇండికేటరు వేస్తుంది, వెనకవాళ్ళు ఇప్పుడా అప్పుడా అని ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోతారు. చీమకి కూడా దారిస్తుంది. ఖాళీ రోడ్డు మీద కూడా నలభై దాటదు, వెనక వేసిన అద్దాలకి దుప్పట్లు చుట్టినా అంతే, చుట్టకపోయినా అంతే. నిజమే, ఎనిమిది నెలల్లో ఒక్క అద్దం పగల్లేదు, ఒక్క బీరువా మూల లొట్ట పడలేదు, తను నడిపినప్పుడు నెలకొకటైనా పడేది, ఆ లెక్క ఇప్పుడెందుకు. ఆమె బ్రేకు వేసేలోపు తన కాలు ముందే కిందికి పోయి, అక్కడ లేని బ్రేకుని తొక్కేది, రోజూ, ప్రతి మలుపులో, సాయంత్రానికి పిక్క పట్టేసేది. మూడో నెలలో ఆమె లేని పూట చూసి ఒకసారి తీశాడు బండి. గేటు దగ్గరే స్టీరింగు మూడు వేళ్ళలోంచి జారి గిర్రున తిరిగింది, స్తంభం పెచ్చు లేచిపోయింది. ఎదురింటాయన వచ్చి, ఏమ్మా, ఆడవాళ్ళ డ్రైవింగంటే స్తంభాలు కూడా అడ్డమేనా అని ఆమెని వేళాకోళం చేశాడు. ఆమె స్తంభం వంక చూసింది, తన వంక చూసింది, నవ్వేసి లోపలికెళ్ళింది. తను కూడా నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

ఊడింది. ఒక్కసారిగా, ఏమీ ఎరగనట్టు, ఒళ్ళో పడింది. నట్టు తీసి పాతదాన్ని తలుపులోంచి బయటికి దింపాడు. కడ్డీ పళ్ళ నిండా తుప్పు, ఎండిన గ్రీజు, దుమ్ము. చెత్త మీద చెత్త బిగించడం అతని ఒంటికి పడదు, జిగురు పెట్టేముందు చెక్కని ఎలా తుడుస్తాడో అలాగే గుడ్డ కిరసనాయిల్లో ముంచి తుడిచాడు, పన్ను పన్నుకీ మధ్య గుడ్డ పోనిచ్చి తుడిచాడు, కొసమీద గుండ్రంగా రుద్దాడు, తళతళలాడింది. కొత్త స్టీరింగుని దాని మధ్య దిమ్మకి ముందే బల్లమీద పెట్టి బిగించుకున్నాడు, ఆరు మరలు. దాన్ని రెండు చేతులా ఎత్తి కడ్డీ ముందుకి తెచ్చి గీత కోసం చూశాడు. తళతళలాడుతోంది. గీత లేదు. వంగి చూశాడు, కళ్ళజోడు పైకి తోసి చూశాడు. కొయ్యమీద గీసే పెన్సిలుతో ఇనుము మీద గీసి, కిరసనాయిలుతో తుడిచిన మొనగాడు ఈ భూమ్మీద ఇంకెవడైనా ఉంటాడా? గీత ఇంకా ఉన్నట్టు, తుడవకముందటి క్షణం ఇంకా చేతికి అందేంత దూరంలోనే ఉన్నట్టు గుడ్డని తిప్పి చూశాడు. గుడ్డమీద నల్లటి మరక. లేని చిటికెన వేలు దురద పెట్టింది, ఎప్పుడూ ఇలాంటప్పుడే పెడుతుంది, గోక్కోవడానికి అక్కడ ఏమీ ఉండదు. టైర్లు చూస్తే ఒకపక్కకి తిరిగి ఉన్నాయి, ఏపక్క ఎంత తిరిగాయో సీట్లోంచి కనపడదు. నాలుగూ ముప్ఫై అయిదు. ఇంట్లో ఫోను మోగింది, ఆమె గొంతు వినపడింది, ఆఁ దారిలోనే ఉన్నామండీ అని. ఏ దారిలో, ఏ దారిలో ఉన్నాం మనం అని అరవబోయి ఆగాడు. ఈ పనికి ఇద్దరు కావాలి, ఒకరు పైన, ఒకరు కింద. మెకానిక్కు ఉన్నాడు. లేదా ఆమె.

"ఇదిగో," అని పిలిచాడు. పిలుపు తనకే వినపడలేదు. మళ్ళీ పిలిచాడు. "ఇదిగో, ఒకసారి రా."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కడ్డీని చూసింది, గుడ్డని చూసింది, చెవిమీది పెన్సిలుని చూసింది. ఏమైందని అడిగితే ఏదో ఒకటి అనేవాడే. అడగలేదు. అడక్కపోవడం ఇంకా చిర్రెత్తించింది.

"నువ్వెక్కి దీన్ని ఊరికే తొడిగి పట్టుకో, బిగించకు. నేను దారం లాగుతా. చెప్పినప్పుడు తిప్పు, చెప్పినంతే తిప్పు."

ఆమె ఎక్కింది, ఆ ముందుకి జరిగిన సీట్లో ఆమె మోకాళ్ళు ఎక్కడా తగల్లేదు. తను వెనక టైరు నుంచి ముందు టైరు దాకా నూలుదారం లాగి కట్టాడు, రంగు పూసిన దారం, దూలం కోసేముందు చెక్కమీద గీత కొట్టేది, ముందు అటు, తర్వాత ఇటు, నేలమీద చెంప ఆనించి ఒక కన్ను మూశాడు. ఇది తన చోటు, ఇక్కడ తనకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. కొంచెం కుడికి. ఇంకొంచెం. ఎక్కువైంది, వెనక్కి రా. వెంట్రుకవాసి. ఆగు. టైరూ దారమూ అంచుకి అంచు కలిశాయి. పరుగులాంటి నడకతో తలుపు దగ్గరికొచ్చి, "ఇప్పుడు పీకి, ఆకు సరిగ్గా పైకి వచ్చేలా మళ్ళీ తొడుగు, పాతది ఎలా ఉండేదో అచ్చు అలాగే," అన్నాడు.

"పాతది ఉన్నట్టా, తిన్నగానా?" అంది ఆమె.

"రెండూ ఒకటే కదా!"

ఆమె దిగి, నేలమీంచి పాత స్టీరింగు తీసి అతని ముందు పెట్టింది. గొట్టం మీద అతని పెన్సిలు గీత సగం ఇంకా ఉంది, ఆకుకి ఎదురుగా. ఎర్ర చుక్క అక్కడ లేదు, పక్కన ఉంది. "రోడ్డుమీద బండి తిన్నగా పోయేటప్పుడు పైన ఉండేది ఈ చుక్కండీ. మీ గీత కాదు. నాకు గుర్తుండటానికి పెట్టుకున్నా." అతను చుక్కకీ గీతకీ మధ్య చెయ్యి ఆనించి కొలిచాడు, చూపుడు వేలు, మధ్య వేలు. రెండు వేళ్ళు. ఒక్క పన్ను. పద్నాలుగేళ్ళు బండి ఎడమకి లాగలేదు, తనే లాగాడు. పదిమందిలో మెకానిక్కు నవ్వు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి, రసమట్టం నా దగ్గర పాఠం నేర్చుకోవాలి, ఛీ.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజునుంచి."

"చెప్పొచ్చు కదా!"

"చెప్తే ఊరుకుంటారా?"

ఊరుకోడు. ఆ సంగతి అతనికీ తెలుసు. ఆమె కొత్తదాన్ని తీసి, ఆకు నిటారుగా చూసుకుని, పన్నులో పన్ను కూర్చోబెట్టింది, తను నట్టు వేసి బిగించాడు, హారన్ తీగ కలిపాడు, మూత నొక్కాడు, విప్పి ఉంచిన బ్యాటరీ తీగ తగిలించి ఒకసారి మోగించాడు. గేటుమీది పిట్ట ఎగిరిపోయింది. కుడిచేత్తో పట్టుకుని తిప్పాడు, కొస దాకా అటు, కొస దాకా ఇటు. జారలేదు. మూడు వేళ్ళూ నిండుగా పట్టుకున్నాయి. నాలుగూ యాభై రెండు. తల తిప్పితే ఆమె పదమూడో నంబరు పానా అందిస్తోంది. "ముందుగా సీటు వెనక్కి జరుపుకోండి," అంది, అని తను అటుపక్క తలుపు వైపు నడిచింది, బానెట్‌ మీద చెయ్యి రాస్తూ. ఆ చెయ్యి రాసిన తీరు చూశాడు. పొద్దుటి సరే మళ్ళీ వినపడింది, ఈసారి విడమరిచినట్టు.

"ఇంకా ఏమేం చెప్పలేదు నాకు?" అని బండికి ఇటునుంచి అరిచాడు.

"గేటు స్తంభం సంగతి చెప్పమంటారా?" అంది అటునుంచి. "నాకు నడపడం ఇష్టం. అంతే. ఇంట్లో హాయిగా కూర్చోమన్నారు. అందులో హాయి లేదు నాకు."

అతనికి ఎంత కోపం వచ్చిందంటే, ఆమె మీదా తన మీదా స్టీరింగు మీదా కాదు, ఎవరి మీదో తెలియదు, పానా పట్టుకుని సీటు కింద బోర్లా పడుకున్నాడు. ముందు చిల్లులోంచి బోల్టులు ఊడదీశాడు, రెండూ. ఇవి మాత్రం తేలిగ్గా వచ్చాయి, ఎవరో నూనె వేసి ఉంచారు. సీటు వెనక్కి నెడితే గరగరమంటూ చివర దాకా పోయింది, వెనక చిల్లు కనిపించింది, ఖాళీగా, తన కొలతకి. కాసేపు దానివంకే చూస్తూ పడుకున్నాడు, ముక్కులో దుమ్ము, చెవిలో గడియారం. తర్వాత తిట్టుకుంటూ సీటుని ముందుకి గుంజాడు, మధ్య చిల్లులో బోల్టులు వేసి బిగించాడు. లేచి కూర్చుంటే మోకాలు డాష్‌బోర్డుకి తగలక తగిలింది.

"సరిపోయిందా?" అంది ఆమె.

"లేదు. నీకూ సరిపోదు."

బండి గేటు దాటింది, పెచ్చు లేచిన స్తంభానికి జానెడు దూరంలోంచి. రోడ్డెక్కగానే కుడికి పోసాగింది. "తిన్నగా పట్టుకోండి," అంది. "పట్టుకున్నానుగా!" అన్నాడు, చూస్తే చేతులు పాత వంకరలోనే ఉన్నాయి. రెండు వేళ్ళంత ఎడమకి తిప్పాడు. బండి తిన్నగా నడిచింది, వెనక బీరువా చప్పుడు చెయ్యలేదు. మలుపు ఇంకా చాలా దూరముంది, ఆమె ఇండికేటరు అనేలోపే వేసేశాడు, విసుగ్గా. "వచ్చేటప్పుడు నువ్వు నడుపు," అన్నాడు, ఆమెవైపు చూడకుండా, రోడ్డుకి చెప్తున్నట్టు.

ఆమె ఎడమకాలు ముందుకి చాపి, అక్కడ లేని క్లచ్చుని ఒకసారి నిదానంగా తొక్కి చూసుకుంది, అందుతుందో లేదో అని.